మా నాయన వేసిన క్రిస్మస్ తాత

మొన్న సాయంత్రం మా చర్చి యూత్ పిల్లలు ఇంటికొచ్చి, కవర్లో మడతపెట్టిన ఎర్ర డ్రెస్సు ఒకటి తెచ్చి నా ముందు టీపాయ్ మీద పెట్టారు. "అంకుల్, ఈసారి హాస్టల్ పిల్లోళ్ళకు మీరే క్రిస్మస్ తాత" అన్నారు. నేను రిటైరై మార్కాపురంలో ఊరికే కూర్చున్నానని వాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఒక గడుగ్గాయి నన్ను ఎగాదిగా చూసి, "మీకైతే గడ్డం అతికించే పని గూడా లేదంకుల్, పొట్ట గూడా రెడీగా ఉంది" అన్నాడు. వంటింట్లోంచి నా భార్య నవ్వు వినిపించింది. పండక్కి ముందే ఒకసారి చేసి చూద్దామని ఆమె ఓవెన్‌లో కేకు పెట్టింది, ఇల్లంతా ఆ వాసనే.

వేస్తానన్నాను. ముఖానికి మాస్కు మాత్రం పెట్టుకోనన్నాను. "మాస్కు లేకపోతే ఎవరో తెలిసిపోద్ది గదా అంకుల్, ఇంక మజా ఏముంటది?" అన్నాడు ఆ పిల్లాడే. "తెలిస్తే తెలియనీ, నేనేమన్నా దొంగనా?" అని కసిరాను. ఎందుకంత కోపమొచ్చిందో వాళ్ళకు అర్థం కాలేదు. బిస్కెట్లు తిని, టీ తాగి, నన్ను చాదస్తపు మనిషి కింద జమకట్టి వెళ్ళిపోయారు.

వాళ్ళకేం తెలుసు, పాపం. నేను చెబితే గదా.

మాది గిద్దలూరుకూ రాచర్లకూ నడుమ ఒక పల్లె. మా ఊరు అనటానికి ఇప్పటికీ నాకు నోరు తడబడుతుంది. ఊరు వేరు, మా పాలెం వేరు. మధ్యలో ఒక వంక ఉండేది. వానాకాలం తప్ప దాంట్లో నీళ్ళుండవు, ఇసుకే. ఊళ్ళో అందరికీ అందరూ ఏదో ఒక వరస అయ్యేవాళ్ళు. కుండలు చేసే ఆయన అందరికీ మామ. దుకాణం సాయిబు పిల్లలందరికీ తాత. బట్టలుతికే ఆమె పెద్దమ్మ. ఆ వరసలన్నీ వంక ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయేవి. మా పాలెంలో పండు ముసలాణ్ణైనా ఊళ్ళో పిల్లకాయలు పేరుపెట్టి "ఒరే" అనేవాళ్ళు. మా నాయన ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంట్లో జీతం ఉండేవాడు. జీతమంటే నెలజీతం కాదు, ఏడాదికింత అని మాట్లాడుకుని వాళ్ళ గొడ్లూ, చేనూ చూడటం. ఆ ఇంట్లో ఒకటో తరగతి చదివే పిల్ల కూడా ఆయన్ని "ఒరే" అనే పిలిచేది. ఆయన "ఏందమ్మా" అని పలికేవాడు. అది మాకు తప్పుగా తోచేది కాదు. ఎండాకాలం ఎండ కాసినట్టే అదీనూ.

డిసెంబరు వచ్చిందంటే మాత్రం పాలెం వేరేగా ఉండేది. నల్లమల వైపు నుంచి చలిగాలి తిరిగేది. కందికంప పొయ్యిలో చిటపటలాడేది. చర్చి గోడలకు సున్నం వేసేవాళ్ళు. ఆ తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నాకు పండగొచ్చినట్టే ఉంటుంది. ఆడవాళ్ళు ఒకరింట్లో చేరి కజ్జికాయలు ఒత్తుతూ, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో మాట్లాడుకుంటూ ఉంటే, పిల్లలం చుట్టూ చేరి కొబ్బరి, బెల్లం బొక్కేవాళ్ళం. అందరిళ్ళలో అన్నీ చేసేవాళ్ళు గానీ కేకు మాత్రం మా అమ్మ ఒక్కతే చేసేది. పెళ్ళికి ముందు ఆమె టౌన్‌లో ఒక మిషన్ బంగళా వంటింట్లో పనిచేసింది. అక్కడ చూసి నేర్చుకుంది.

ఓవెన్ అనే మాట మేం వినలేదు. వంకలో ఇసుక తెచ్చి, జల్లెడ పట్టి, కడిగి ఎండబెట్టేది అమ్మ. ఇనుప బాండలిలో ఆ ఇసుక పోసి పొయ్యి మీద కాచేది. గుడ్లు మా కోళ్ళవే. అక్క కవ్వం పెట్టి వాటిని గిలక్కొట్టేది. చెయ్యి నొప్పి పుట్టి ఆపితే "ఇంకా నురగ రాలేదు, కొట్టు" అని అమ్మ అదిలించేది. చక్కెర, మైదా, డాల్డా, దంచిన యాలకులు కలిపేది. ఎండుద్రాక్ష మాకెక్కడిది? కొండవార ఏరుకొచ్చిన రేగిపండ్లు ఎండబెట్టి, గింజలు తీసి, సన్నగా తరిగి వేసేది. సత్తు గిన్నెలో పిండి పోసి, గిన్నెను వేడి ఇసుకలో సగందాకా కూరి, పైన మూకుడు మూసి, దాని మీద నిప్పులు పరిచేది. ఆ మూకుడు సందులోంచి మొదటి వాసన బయటికొచ్చేటప్పుడు వీధిలో పోయేవాళ్ళు కూడా నిలబడేవాళ్ళు.

"మద్దెలో మూత తీస్తే కేకు అలుగుద్ది" అనేది అమ్మ. ఒక ఏడు ఆమె నీళ్ళకు పోయినప్పుడు అలుగుతుందో లేదో చూద్దామని అక్కా నేనూ మూకుడు ఎత్తి చూశాం. నిజంగానే అలిగింది. పొంగిన కేకు కళ్ళముందే నడిమికి కూలబడింది. అమ్మ వచ్చి గరిటె తిరగేసింది. దెబ్బలు తిని, ఆ కూలబడిన కేకును మేమే తిన్నాం. చెప్పొద్దూ, గట్టిపడి అది ఇంకా బాగుంది.

ఇక క్రిస్మస్ తాత. మా చర్చికి ఒక వేషం ఉండేది. దుకాణం సాయిబు దగ్గర ఎర్రగుడ్డ కొని కుట్టించిన కోటు, అట్టకు గుడ్డ అంటించి రంగు పూసిన ముసుగు, దానికి పత్తి గడ్డం. చేతులకు తెల్ల మేజోళ్ళు తొడిగేవాళ్ళు, కాళ్ళకు మా చర్చి పాస్టరు అయ్యగారి పాత బూట్లు. ఏటా ఆ వేషం మా నాయనదే, ఎందుకంటే ఆయనలాగా ఎగిరి చిందేసేవాడు ఇంకొకడు లేడు. తాతకు ఒక కట్టుబాటు ఉండేది. తాత మాట్లాడడు. లోపల ఎవరున్నారో ఎవరూ పైకి అనకూడదు. మేం పిల్లలం చూస్తే తెలియదా? నడక చూస్తే తెలుసు, ఆ దగ్గు వింటే తెలుసు. అయినా "తాతా, తాతా" అని వెంటపడేవాళ్ళం. గడ్డం పీకాలని ఎగిరేవాళ్ళం. నేనైతే మా నాయన్ని తాతా అని పిలిచి పడీపడీ నవ్వుకునేవాణ్ణి.

ఆ ఏడు మా బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. కోస్తా వైపు మనిషి. మంచామె, మాట మెత్తన. ఊరి పిల్లలూ, పాలెం పిల్లలూ కలిసి చదివే బడి అదొక్కటే. సెలవులకు ముందురోజు బడిలో అందరికీ కలిపి క్రిస్మస్ తాతను రప్పిద్దామని ఆమెకు బుద్ధిపుట్టింది. మా అయ్యగారిని అడిగింది. ఆయన మా నాయన్ని అడిగాడు. కేకు చెయ్యమని మా అమ్మను అడిగారు.

అమ్మకు ఇష్టం లేదు. "పాలెంలో చిందేసినంత కాలం ఎయ్యి, ఎవురొద్దన్నారు? ఊరోళ్ళ పిల్లకాయల కాడికి నీకెందుకు?" అంది.

"టౌన్ నుంచి వచ్చినాడని చెప్తారంటలేవే టీచరమ్మ. మొకం కనపడదు, మాట ఇనపడదు. నేనని ఎవురికి తెలుస్తది?"

"తెలిస్తే?"

నాయన బీడీ చివరిదాకా తాగి ఆర్పేశాడు. తర్వాత అన్నాడు, "ఆ పిల్లకాయలు ఒక్కసారి తాతా అంటారు గదనే. ఇనాలనుంది."

అమ్మ లేచి ఇసుక జల్లెడ పట్టుకుంది. రెండు రోజులు కేకులు కాల్చింది. పాలెంలో కోళ్ళున్న ప్రతి ఇంటి నుంచీ గుడ్లు వచ్చాయి. నాయన తనకు జొరమొచ్చిందని జీతమున్న ఇంటికి కబురు పంపాడు.

ఆరోజు బళ్ళో ఏం జరిగిందో నేను ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో లెక్కలేదు. టీచరమ్మ చప్పట్లు కొట్టించింది. తాత బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. ఊరి పిల్లలు అలాంటిది ఎప్పుడూ చూడలేదు. మొదట భయపడి బెంచీల వెనక్కి పోయారు. తాత ఒక చిందేసి, గిర్రున తిరిగి, బుట్టలోంచి కేకు ముక్క తీసి పైకెత్తి చూపించాడు. అంతే, ఎగబడ్డారు. "తాతా, నాకు! తాతా, ఈడ, ఈడ! తాతా, నన్ను ఎత్తుకో!" పొద్దున నన్ను ఆపి, "ఒరే, మీ నాయన రేపన్నా పనికొస్తాడా రాడా?" అని అడిగిన నాయన జీతమున్న ఇంటి పిల్లాడు ఇప్పుడు మా నాయన కాలు పట్టుకుని వేలాడుతున్నాడు. నాకూ, పాలెం పిల్లలందరికీ లోపల ఉన్నదెవరో తెలుసు. ఒక్కడు నోరు విప్పలేదు. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది, కేకు తినబుద్ధి కూడా కాలేదు.

నాయన ముఖం ముసుగులో ఉంది గనక నేను చూడలేదు. కానీ ఆయన ఒకచోట నిలబడిపోయాడు. బుట్టలో చెయ్యి పెట్టి, తియ్యటం మరిచిపోయి, ఆ పిలుపులు వింటూ అట్లాగే ఉన్నాడు. టీచరమ్మ "తాతయ్యా, పిల్లలు చూస్తున్నారు" అంటే గానీ కదల్లేదు.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! నాయన జీతమున్న ఇంటి పిల్ల, ఆ ఒకటో తరగతి పిల్ల, వచ్చి తాత చెయ్యి పట్టుకుంది. "మా ఇంటికి రా తాతా. మా అవ్వకు చూపిస్తా."

తాత తల అడ్డంగా ఊపాడు. చెయ్యి విడిపించుకోబోయాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తాత మాట్లాడకూడదు గదా, ఏం చెప్పి తప్పించుకుంటాడు? టీచరమ్మకు లోపల ఉన్నది పాలెం మనిషని తెలుసుగానీ, ఆ ఇంటి జీతగాడని తెలియదు. "పిల్ల అంత ముచ్చటపడుతోంది, ఒకసారి వెళ్ళొద్దాం రండి తాతయ్యా" అని తనే ముందు నడిచింది. బడంతా వాళ్ళ వెనక బయలుదేరింది.

ఆ ఇంటి అవ్వ అరుగు మీద కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది. మా గుంపును చూసి, "ఎవురే ఈయప్ప?" అని మనవరాలిని అడిగింది.

"క్రిస్మస్ తాత అవ్వా! టౌన్ నుంచి వచ్చినాడు. కేకు పెట్టినాడు, డాన్సు చేసినాడు!"

అవ్వ నవ్వింది. నిజం చెప్పాలంటే ముద్దుగానే నవ్వింది. చేట పక్కన పెట్టి లేచి, "రా పెద్దాయనా, రా. ఎండన పడి వచ్చినట్టున్నావు. కూచో. మజ్జిగ తాగి పోదువు" అంది. కుర్చీ వేయించింది. మా నాయన ఆ ఇంట్లో అరుగు మెట్టు మీద కూడా ఏనాడూ కూర్చోలేదు. కుర్చీ పక్కన నిలబడ్డాడు. అవ్వ లోపలికి పోయి స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి, "తీసుకో" అని చాపింది.

మా నాయన వెంటనే కింద గొంతుక్కూర్చున్నాడు. తల వంచి, ముసుగు కొంచెం పైకెత్తి, రెండు చేతులూ కలిపి నోటి దగ్గర దోసిలి పట్టాడు.

ఎన్నేళ్ళ అలవాటు అది! ఆ వాకిట్లో ఆయన నీళ్ళు తాగినా, మజ్జిగ తాగినా అట్లాగే తాగాడు. పై నుంచి ఎవరో పోస్తే దోసిట్లో పట్టుకుని తాగటమే ఆయనకు తెలుసు. గ్లాసు చేతికిస్తారని ఆ చేతులకు తెలియదు. మేజోళ్ళు తొడిగినా ఆ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

అవ్వ చెయ్యి గ్లాసుతో అట్లాగే ఆగింది. ఆమె ముఖంలో నవ్వు కూడా చప్పున పోలేదు, మెల్లగా పోయింది. ఆయన వంగిన తీరు చూసింది, ముసుగు కింద చుబుకం మీదున్న పాత మచ్చ చూసింది. లోపలికి పోయి, గ్లాసు పెట్టేసి చెంబుతో వచ్చింది. నిలబడి, పై నుంచి పోసింది.

టీచరమ్మకు అప్పటికి విషయం అందింది. ముఖం ఎర్రబడింది. "అదేంటమ్మా, ముందు గ్లాసు తెచ్చారు కదా. అందులోనే ఇవ్వండి" అంది.

"నీకు తెల్దులే టీచరమ్మా" అంది అవ్వ, పోయటం ఆపకుండా. "మాదేముంది, మేం గ్లాసే ఇచ్చినాం. వానికే తెలుసు వాడేందో. చూడు, ఎట్ల పట్టినాడో."

మజ్జిగ మేజోళ్ళలోకి ఇంకిపోయి మోచేతుల దాకా కారుతోంది. నాయన తాగాడు. పోసినంతా తాగాడు. చెంబు ఖాళీ అయ్యాక అవ్వ అంది, "జొరం అని చెప్పి పంపించినావు గదరా. సరే, ఎట్లాగూ వచ్చినావు, గొడ్లకు కుడితి పెట్టి పో. పొద్దున్నించి అవి అట్లనే ఉన్నాయి."

ఆమె తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. తిట్టి ఉంటే ఆమెను తిట్టుకుని ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఏదో సర్దాల్సిన వస్తువును దాని చోట పెట్టినట్టు పెట్టింది మా నాయన్ని. నాకు అది ఈ వయసులో కూడా మింగుడుపడదు.

మా నాయన ఆ ఎర్రకోటుతోనే, ఆ పత్తి గడ్డంతోనే కొట్టంలోకి పోయి కుడితి కలిపాడు. ఎద్దు ఆయన్ని వాసనతో గుర్తుపట్టి, తల తెచ్చి కోటుకు రుద్దింది. అది చూసి పిల్లలు పకపకా నవ్వారు. "ఒరే, వాడేరా! వాడేరా!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తాత అనే మాట ఇక ఎవరి నోటా రాలేదు.

మాట వీధంతా పాకింది. తల్లులు వచ్చి పిల్లల చేతుల్లో కేకులు లాక్కుని దిబ్బలో పారేశారు. ఒకామె కొడుకు నోట్లో వేలు పెట్టి తోడి, నీళ్ళు పోసి పుక్కిలించింది. వాడు కేకు కోసం రాగం తీశాడు. ఇంకొకడు తన ముక్కను నిక్కరు జేబులో దాచుకుని, గోడచాటున గబగబా మింగుతుంటే చూశాను. నన్ను చూసి, చెప్పొద్దన్నట్టు సైగ చేశాడు. వాడి మీద కోపమొచ్చిందో, వాడొక్కడే నచ్చాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

సంగతి ఇంటికి చేరేసరికి అమ్మ ఇసుక బాండలి కడుగుతోంది. అంతా విని, "నా కోడిగుడ్లు వాళ్ళు కొనుక్కోని తినరా? వట్టి గుడ్డుకు లేని అంటు చక్కెరలో కలిస్తే వచ్చిందా?" అంది. మిగిలిన కేకును ముక్కలు చేసి పాలెం పిల్లలకు పంచేసింది. మా ఇంట్లో మాత్రం ఆ రోజు ఎవరం తినలేదు. నాయన వచ్చి, మేజోళ్ళు విప్పి, తొట్టి దగ్గర తనే ఉతికి ఆరేశాడు. కోటు మడతపెట్టి అక్క చేతికిచ్చి అయ్యగారికి ఇచ్చి రమ్మన్నాడు. "జొరమని అబద్దం చెప్పినా గదా, అది నా తప్పే" అన్నాడు. అంత జరిగాక ఆయనకు దొరికిన తప్పు అదొకటి! ఆ తర్వాత ఆయన వేషం వెయ్యలేదు. వేరేవాళ్ళు వేశారు, చిందు మాత్రం ఎవరికీ రాలేదు.

మర్నాడు పొద్దున నాయనకు సద్ది తీసుకుని ఆ ఇంటికి పోయాను. ఆయన కొట్టంలో పేడ ఎత్తుతున్నాడు. ఆ పిల్ల అరుగు మీద ఉంది. నాయన్ని చూసి, నిన్నటి అలవాటు పోలేదేమో, "తా..." అంది. వెనక అవ్వ ఉంది. అవ్వ తలెత్తి చూసిందంతే. పిల్ల ఆగింది. పేరు పెట్టి, "ఒరే, నా బంతి గడ్డివాములో పడింది, తీసియ్యి" అంది.

"వస్తన్నానమ్మా" అన్నాడు మా నాయన. బంతి వెతికి, పంచెకు తుడిచి, పిల్ల చేతికివ్వకుండా అరుగు చివర పెట్టి పక్కకు జరిగాడు.

నేను చదువుకున్నాను, ఉద్యోగమొచ్చింది, ఆ జీతం మాన్పించి నాయన్నీ అమ్మనూ మార్కాపురం తెచ్చుకున్నాను. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టారు. మాటలొచ్చిన దగ్గర్నుంచి వాళ్ళు నాయన్ని తాతా, తాతా అని ఊపిరాడనిచ్చేవాళ్ళు కాదు. ఈ పిలుపు కోసమే గదా ఆయన ఆ కోటు తొడిగింది, ఇప్పుడు కడుపునిండా వింటాడులే అనుకున్నాను. కానీ వాళ్ళు పిలిస్తే ఆయన వెంటనే పలికేవాడు కాదు. ముందు వెనక్కి తిరిగి, అక్కడ ఇంకెవరన్నా ఉన్నారేమో చూసేవాడు. పోయేదాకా అంతే. "నిన్నే నాయనా, నిన్నే పిలిచేది" అని ప్రతిసారీ నేను చెప్పాల్సి వచ్చేది.